పసుపు ఆకు ఆకలి కాదు

ఖతార్‌లో దోహా పక్కనున్న అబూ హమూర్‌లో తెలుగువాళ్ళుండే ఇళ్ళలో, అది విల్లాను విడగొట్టి అద్దెకిచ్చిన పోర్షన్ అయినా, అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు అయినా, కిటికీ గట్టు మీద తరచూ ఒక కుండీ కనిపిస్తుంది. కరివేపాకో, తులసో, ఊరి నుంచి పొట్లం కట్టి తెచ్చిన గింజలతో మొలిపించిన గోంగూర, మిరప, టమాట నారో అందులో ఉంటుంది. ఆకు కాస్త పసుపుబారగానే సలహాలు మొదలవుతాయి. ‘‘ఎరువు చాల్లేదక్కా, కొంచెం ఎన్‌పీకే వెయ్యండి’’ అంటారొకరు. ‘‘ఎప్సం సాల్ట్ వేసి చూడు వదినా, వారంలో నల్లగా నిగనిగలాడుతుంది’’ అంటారు ఇంకొకరు. మూడో మాట అన్నిటికన్నా నిరాశగా ఉంటుంది: ‘‘ఇక్కడివి సముద్రపు నీళ్ళు కదా, ఉప్పు. ఏం చేసినా ఇంతే.’’

ఈ మూడు మాటల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే. ఆకు రంగు మారిందంటే మట్టిలో ఏదో తక్కువైందని, ఆ తక్కువైనదేదో పోస్తే సరిపోతుందని. నా వాదన ఈ నమ్మకం మీదే. ఇంటి లోపల కుండీలో పెరిగే లేత మొక్క ఆకు పసుపుబారితే, చాలా సందర్భాల్లో మట్టిలో పోషకం ఉంటుంది. దాన్ని తీసుకోగల స్థితిలో వేరు ఉండదు. వేరు ఎందుకు పనిచేయడం లేదో చూడకుండా పైనుంచి ఎరువు గుమ్మరించడమంటే, కడుపు పాడైన బిడ్డకు నీరసంగా ఉన్నాడని నెయ్యన్నం కుక్కడమే. అలా ఏటా ఎన్నో మొక్కలు చస్తున్నాయి. వాటిని చంపింది ఎడారి కాదు, మన తొందర.

ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో చూస్తే దాని హద్దు కూడా తెలుస్తుంది. మొక్కకు కావలసిన వాటిలో ఏది అన్నిటికన్నా తక్కువగా ఉంటే దాన్ని బట్టే పెరుగుదల ఆగుతుందని జర్మనీలో కార్ల్ స్ప్రెంగెల్ 1828లో అన్నాడు. 1840 తర్వాత లీబిగ్ దానికి పేరు తెచ్చాడు. తరవాత కాలిఫోర్నియాలో హోగ్లాండ్, ఆర్నన్ 1938లో మట్టి లేకుండా పోషక ద్రావణంలో మొక్కలు పెంచే పద్ధతిని ప్రచురించారు. అలాంటి ద్రావణంలో ఒక్క మూలకాన్ని తీసేసి, మిగతావన్నీ సరిగ్గా ఉంచి, ఆకు ఎలా మారుతుందో గమనిస్తూ వచ్చారు. నత్రజని తీసేస్తే కింది ముదురాకు పసుపు. ఇనుము తీసేస్తే ఈనెలు పచ్చగా ఉండి చిగురాకు పసుపు. మెగ్నీషియం తీసేస్తే ఈనెల మధ్య పసుపే, కానీ ముదురాకులో. ఇంగ్లండ్‌లో టి.వాలేస్ 1943లో ఈ లక్షణాలను రంగుబొమ్మలతో పుస్తకంగా తెచ్చాడు. ఇవన్నీ నిజాలు. నేను వీటిని తోసిపుచ్చడం లేదు.

కానీ ఆ ప్రయోగాల్లో వేరు ఆరోగ్యంగా ఉంది. వెలుతురు చాలినంత ఉంది. నీటిలో గాలి ఆడుతోంది. లేనిది ఒక్క మూలకమే. మన కుండీలో పరిస్థితి దీనికి తలకిందులు. నర్సరీ వాళ్ళ మట్టిలో మూలకాలన్నీ ఎంతో కొంత ఉంటాయి. లేనివి మిగతావి: గాలి, వెలుతురు, చల్లటి వేరు. చచ్చుబడిన వేరు నత్రజనినీ తీసుకోలేదు, ఇనుమునూ తీసుకోలేదు. కాబట్టి ఆకు మీద నత్రజని లోపమే కనిపిస్తుంది, ఇనుము లోపమే కనిపిస్తుంది. బొమ్మతో పోల్చిన మనిషి తప్పు చూడలేదు. ఆకులో లోటు ఉన్నమాట నిజం. దాన్నుంచి మట్టిలో లోటు ఉందని తేల్చుకోవడమే తప్పు.

సెల్‌ఫోన్లలో చేతులు మారే ఆకుల పటాల సంగతి కూడా చెప్పాలి. దీపాల వెలుతురులో ఇంటి లోపల పెంచే మొక్కల మీద విదేశాల్లో తయారైన పటాలు చాలావరకు గంజాయి పెంచేవాళ్ళ కోసం గీసినవి. వేళ్ళు చాచిన ఆ ఆకు ఆకారం చూస్తేనే తెలిసిపోతుంది. ఆ మొక్క పెంచడం ఖతార్‌లో పెద్ద నేరం, మన దేశంలోనూ 1985 చట్టం కింద నేరం. దానితో మనకు పని లేదు. కానీ దాని పటం మన కరివేపాకు మీదికి వచ్చి కూర్చుంది. గంజాయి కొన్ని నెలల్లో బతుకు ముగించే ఏకవార్షికం, ఎరువు దండిగా తింటుంది. దాన్ని పెంచేవాళ్ళు నీటి పీహెచ్‌ను కొలిచి 6 చుట్టూ నిలబెట్టుకుంటారు, దీపం ఎన్ని గంటలు వెలగాలో కూడా గడియారంతో కొలుస్తారు. కరివేపాకు ఏళ్ళ తరబడి నిలిచే చెట్టు, మెల్లగా పెరుగుతుంది. మన గదిలో నీటి పీహెచ్ ఎవరూ కొలవరు, ఉన్న వెలుతురు ట్యూబులైటుది. దాని మోతాదు దీనికి వేయడం ఏ లెక్కన సబబు?

ఇప్పుడు ఉప్పు నీళ్ళ మాట. ఇది ఎంత బలంగా పాతుకుపోయిందంటే, ఎదురు చెబితే వింతగా చూస్తారు. ఖతార్‌లో ఇళ్ళకు వచ్చే నీరు దాదాపు అంతా సముద్రం నుంచి తీసినదే. కానీ రాస్ అబూ ఫొంతాస్, రాస్ లఫ్ఫాన్, ఉమ్ అల్ హౌల్ కేంద్రాల పనే ఉప్పు తీసేయడం. కుళాయి నీటిలో కరిగిన లవణాలు లీటరుకు సాధారణంగా 250 మిల్లీగ్రాముల లోపే. మన దేశంలో తాగునీటి ప్రమాణం 500. ప్రకాశం, నల్లగొండ జిల్లాల బోర్లలో వెయ్యి దాటిన నీళ్ళు ఎన్నో చోట్ల ఉన్నాయి, ఆ నీళ్ళతోనే అక్కడ పెరటి కరివేపాకు గోడ దాటి ఎదుగుతోంది.

లెక్క వేసి చూద్దాం. లీటరుకు 150 మిల్లీగ్రాములు అనుకుందాం. రోజు విడిచి రోజు లీటరు చొప్పున ఏడాదంతా పోస్తే సుమారు 180 లీటర్లు. చుక్క కూడా బయటికి పోకుండా ఆ ఉప్పంతా కుండీలోనే ఉండిపోయినా 27 గ్రాములు. ఇక వారానికి ఒక చెంచా, అంటే 5 గ్రాముల 19-19-19 ఎన్‌పీకే ఎరువు వేసేవాళ్ళ కుండీలోకి ఏడాదికి పడేది 260 గ్రాములు. ఎన్‌పీకే కూడా ఉప్పే. నీళ్ళు మోసుకొచ్చిన దానికి దాదాపు పది రెట్లు మనం చేత్తో వేస్తున్నాం. కుండీ అంచున తెల్లగా పేరుకున్న పొరను చూసి ‘‘చూశారా, ఇక్కడి నీళ్ళు’’ అంటాం. ఆ తెలుపులో ఎక్కువ భాగం మన డబ్బాలోంచి వచ్చిందే. ఆకు కొన, అంచు మాడి గోధుమరంగుకు తిరిగితే మొదట అనుమానించవలసింది ఈ పేరుకున్న ఎరువునే. దానికి మందు మరో చెంచా కాదు. కుండీని సింకులోనో బాత్రూములోనో పెట్టి, కుండీ పరిమాణానికి రెండు మూడింతల నీళ్ళు మెల్లగా పోసి, అడుగు రంధ్రాల నుంచి పూర్తిగా పోనివ్వాలి. ఏసీ నుంచి కారే నీరు బకెట్లో పడుతుంటే ఈ కడుగుడుకు అది చాలా బాగా పనికొస్తుంది, అందులో లవణాలు దాదాపు ఉండవు. అదే కారణంగా రోజూ అదొక్కటే పోస్తే మాత్రం మొక్కకు కావలసిన కాల్షియం కూడా అందదు.

ఇక్కడ ఎదుటివాళ్ళ వాదనలో ఒక బలమైన అంశం ఉంది, దాన్ని దాటవేయను. ఉప్పు తీసేటప్పుడు మెగ్నీషియం కూడా పోతుంది. ఇజ్రాయెల్‌లోని అష్కెలోన్ కేంద్రం 2005లో మొదలయ్యాక ఆ నీటితో పండించిన పంటల్లో మెగ్నీషియం లోపం కనిపించిందని 2007లో ‘సైన్స్’ పత్రికలో పరిశోధకులు రాశారు. మరి మెగ్నీషియం ఇచ్చే ఎప్సం సాల్ట్ సలహా సరైనదేనా? అది కుండీలో ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. ఖతార్ నేల కింద ఉన్నది సున్నపురాయి, డోలమైటు. డోలమైటు అంటేనే మెగ్నీషియం ఉన్న రాయి. స్థానిక మట్టి కలిసిన కుండీలో మెగ్నీషియం కరువు రావడం అరుదు. కొబ్బరిపొట్టు నింపిన కుండీ అయితే వేరే కథ: పొట్టు కాల్షియాన్నీ మెగ్నీషియాన్నీ తనలో పట్టి ఉంచుకుని, బదులుగా పొటాషియాన్నీ సోడియాన్నీ వదులుతుంది. అక్కడ ఎప్సం సాల్ట్ నిజంగా పనిచేయవచ్చు. ఒకే రకం పసుపు, పక్కపక్క రెండు కుండీలు, రెండు వేరు కారణాలు. కుండీలో మట్టి ఏమిటని ఒక్క ప్రశ్నయినా అడగకుండా ఎప్సం సాల్ట్ చెప్పేవాళ్ళు సలహా ఇవ్వడం లేదు, చీటీ తీస్తున్నారు. పైగా మెగ్నీషియం ఎక్కువైతే వేరు కాల్షియం తీసుకోవడం తగ్గుతుంది. అప్పుడు చిగురు వంకర తిరుగుతుంది, దానికి ఇంకో మందు చెబుతారు.

మరి వేరును ఏది చంపుతోంది? అబూ హమూర్ ఇళ్ళలో నేను మొదట చూపించేది మిద్దె మీది ట్యాంకు. దోహాలో 2010 జులైలో 50.4 డిగ్రీలు నమోదైంది. అంత కాకపోయినా జూన్ నుంచి సెప్టెంబరు దాకా ట్యాంకు నీరు చేయి పెట్టలేనంత కాగుతుంది. అందుకే ఇక్కడివాళ్ళు గీజరు ఆపేసి, అందులో నిలిచిన నీటినే చన్నీళ్ళుగా వాడుకుంటారు. మనం స్నానానికి పనికిరావనుకున్న ఆ నీళ్ళనే మధ్యాహ్నం పూట కుళాయి తిప్పి నారు మొక్కకు పోస్తున్నాం. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు కరిగి ఉండగలదు, 45 దగ్గర అది 6కు పడిపోతుంది. వేరు వేడెక్కే కొద్దీ దానికి కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. లేత వేరు కొసలు మాడితే రెండు మూడు రోజుల్లో ఆకు వేలాడుతుంది, వారంలో పసుపుబారుతుంది. రాత్రే బకెట్లో పట్టి గదిలో ఉంచి, తెల్లవారి పోస్తే ఈ బెడద ఉండదు. ఇందులో ఖర్చు ఏమీ లేదు. అందుకేనేమో ఎవరూ దీన్ని మందుగా లెక్కపెట్టరు.

రెండోది వెలుతురు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. రాత్రి ట్యూబులైటు కింద మన గదిలో రెండు మూడు వందలు. తెర వేసిన కిటికీకి మీటరు దూరంలో పగలు కూడా వెయ్యి రెండు వేలకు మించడం కష్టం. మన కన్ను ఈ తేడాను చూపించదు, ఎంత చీకటికైనా సర్దుకుంటుంది. మొక్క సర్దుకోలేదు. వెలుతురు తక్కువైన మొక్క ఆహారం తక్కువ తయారుచేస్తుంది, నీరు తక్కువ తాగుతుంది. మనం మాత్రం ఎడారి కదా అని రోజూ పోస్తూనే ఉంటాం. మట్టి ఆరదు. తడి మట్టిలో గాలి ఉండదు. గాలి లేని వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు పైన ఆకు పసుపుబారుతుంది. అప్పుడు ఎరువు వేస్తాం. ఈ వరసలో ఎరువు వచ్చేది ఐదో మెట్టు మీద, దాని అవసరం మాత్రం ఏ మెట్టులోనూ లేదు. కాడ సన్నగా సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి, మొక్క కిటికీ వైపు వంగి, ఆకులు పాలిపోయి ఉంటే అది వెలుతురు అడుగుతోంది. నత్రజని వేస్తే ఇంకా సాగుతుంది, ఇంకా బలహీనమవుతుంది. అలాంటి మొక్కను జాలిపడి ఒక్కసారిగా బాల్కనీ ఎండలో పెడితే ఆకు మీద తెల్లటి మచ్చలు పడి కాలుతుంది. ఆ మచ్చలనూ పటంలో వెతికి ‘మెగ్నీషియం లోపం’ అనేవాళ్ళున్నారు.

నారు విషయంలో ఎరువు మాట మరీ అన్యాయం. టమాట, మిరప గింజ మొలిచినప్పుడు ముందుగా వచ్చే రెండు ఆకులు బీజదళాలు. గింజలోని ఆహారంతో మొక్కను కొన్నాళ్ళు నిలబెట్టి, అసలు ఆకులు వచ్చాక అవి పసుపుబారి రాలడం ప్రకృతి. ఆ పసుపును చూసి గాభరాపడి డీఏపీ గుళికలు వేసినవాళ్ళ నారు మర్నాటికి మాడిపోతుంది. కాండం నేలకు ఆనిన చోట నీరు పట్టినట్టై, మెత్తబడి, మొక్క పక్కకు ఒరిగిపోతే అది నారుకుళ్ళు. శిలీంధ్రాల పని, తడి ఎక్కువైన చోటే వస్తుంది. ఎరువు దానికి మందు కాదు. రెండు మూడు అసలు ఆకులు వచ్చేదాకా నారుకు పోషకం బయట నుంచి దాదాపు అక్కర్లేదు.

కరివేపాకు దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన ఇళ్ళలో ఎక్కువ నష్టం దానికే జరుగుతోంది. కరివేపాకు చిగురు పసుపుపచ్చగా వచ్చి, ఈనెలు మాత్రం పచ్చగా నిలిస్తే అది నిజంగానే ఇనుము లోపం కావచ్చు. ఇక్కడ కూడా మట్టిలో ఇనుము లేకపోవడం అరుదు. సున్నం ఎక్కువైన మట్టిలో పీహెచ్ 8 చుట్టూ, అంటే క్షారంగా, ఉంటుంది, ఆ స్థితిలో ఇనుము కరగదు, వేరుకు అందదు. దీనికి మన ఇళ్ళలో తరతరాల వైద్యం పుల్లటి మజ్జిగ. ఆ వైద్యం మీద నాకు గౌరవం ఉంది, ఎందుకంటే పులుపు కావాలన్న గ్రహింపు సరైనది. కానీ లెక్క చూడండి. పుల్లటి మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం లీటరుకు సుమారు 8 గ్రాములు. గ్లాసుడు మజ్జిగ అంటే గ్రామున్నర. అది కరిగించగలిగిన సున్నం ఒక గ్రాము కూడా కాదు. పది కిలోల మట్టిలో ఐదో వంతు సున్నం ఉందనుకుంటే 2 కిలోలు. గ్లాసులు ఎన్ని కావాలో మీరే లెక్కించండి. ఆ మజ్జిగలో కాల్షియం ఉంది, ఉప్పు వేసినదైతే సోడియం ఉంది. పైగా మూసిన గదిలో వాసన, మట్టి మీద ముసిరే చిన్న నల్ల ఈగలు. ఊళ్ళో పెరట్లో వాన పడి అన్నీ కడుక్కుపోయేవి. దోహాలో ఏడాదంతా కలిపి పడే వాన సగటున 75 మిల్లీమీటర్లు, అదీ మన కిటికీ లోపల పడదు.

దీనికి మన వేరుశనగ రైతుకు తెలిసిన దారి ఉంది. సున్నపు నేలల్లో వేరుశనగ ఆకు తెల్లబారితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుపలవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకు మీద చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మట్టిలో వేస్తే సున్నం బిగించేస్తుంది కాబట్టి ఆకు మీదే. లేత కరివేపాకుకు అందులో సగం మోతాదు చాలు, సాయంత్రం చల్లాలి. మట్టిలోనే వేయాలనుకుంటే కీలేటెడ్ ఇనుము కొనాలి, అందులోనూ అట్ట మీద అక్షరాలు చూడాలి. ఈడీటీఏ రకం పీహెచ్ ఆరున్నర దాటితే తన ఇనుమును పట్టి ఉంచలేదు. ఈడీడీహెచ్‌ఏ రకం 9 దాకా నిలబడుతుంది. ముందది చవక, రెండోది ఖరీదు. ఇక్కడి సున్నపు మట్టికి చవకది వేయడమంటే డబ్బును సున్నంలో కలపడమే.

జనవరిలో వచ్చే పసుపు మరొకటి. దోహాలో అప్పుడు రాత్రి ఉష్ణోగ్రత 13, 14 డిగ్రీలకు దిగుతుంది. బాల్కనీలో ఉన్న కరివేపాకు చలికి నిద్రలోకి జారి ముదురాకు రాల్చుకుంటుంది. ఆ నెలలో దానికి నీరు తగ్గించాలి. మనం ఎరువు పెంచుతాం.

పసుపు సంగతి అయ్యాక, ఆకు ముడతల గురించి మాట్లాడేటప్పుడు గుంటూరు, ఖమ్మం మిరప రైతుకు ఉన్న చూపు మన చదువుకున్న ఇళ్ళలో ఎందుకు లేదని బాధ కలుగుతుంది. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పైముడత, అది తామరపురుగు పని. కిందికి ముడుచుకుని తిరగబడిన పడవలా అయితే కిందిముడత, అది తెల్లనల్లి పని. రైతు ఆకును తిప్పి చూస్తాడు, చూశాకే మందు పేరు ఎత్తుతాడు. 2021లో కొత్త రకం నల్ల తామరపురుగు వచ్చి రెండు తెలుగు రాష్ట్రాల మిరపను తుడిచిపెట్టినప్పుడు కూడా రైతు మొదట చేసిన పని పువ్వు విప్పి లోపల చూడడం. ఇక్కడ గదిలో మిరప మొక్క ఆకు ముడుచుకుంటే ‘కాల్షియం లోపం’ అని నిర్ణయం జరిగిపోతోంది. ఏసీ గాలి తగిలే పొడి మూల ఎర్రనల్లికి ఎంతో ఇష్టమైన చోటు. ఆకు కింద తెల్ల కాగితం పట్టి వేలితో కొట్టండి. కాగితం మీద రాలిన చుక్కలు నడుస్తుంటే అది లోపం కాదు, నల్లి. గట్టి నీటి ధారతో ఆకు అడుగు భాగాన్ని కొన్ని రోజులకోసారి కడిగితే చాలావరకు పోతుంది.

‘‘ఫోనులో ఫొటో తీస్తే యాప్ చెప్పేస్తుంది కదా’’ అనేవారికి ఒక సమాచారం. మొహంతి, హ్యూజ్, సలాతే 2016లో ప్రచురించిన పరిశోధనలో 54,306 ఆకుల ఫొటోలతో కంప్యూటరుకు తెగుళ్ళు నేర్పించారు. అదే సేకరణలోంచి పక్కన పెట్టిన ఫొటోల మీద అది 99.35 శాతం సరిగ్గా చెప్పింది. వేరే చోట్ల తీసిన ఫొటోలు ఇచ్చేసరికి 31 శాతానికి పడిపోయింది. ఆ తరవాత సాధనాలు మెరుగయ్యాయి, ఒప్పుకుంటాను. కానీ ఎంత మెరుగైనా ఫొటోలో వేరు కనిపించదు. ట్యాంకు నీటి వేడి కనిపించదు. పోయిన నెల మీరు వేసిన మూడు చెంచాలు కనిపించవు.

లోపాలే ఉండవని నేను అనడం లేదు. వరిలో ఖైరా అనే జబ్బు సంగతి చూడండి. ఆకు మీద తుప్పు మచ్చలు, పైరు గిడసబారడం. తెగులనే అనుమానించారు. 1960ల మధ్యలో పంత్‌నగర్‌లో యశ్వంత్ లక్ష్మణ్ నేనె అది జింకు లోపమని తేల్చారు. తేల్చింది ఆకు రంగును బట్టి కాదు, పొలంలో జింకు ఇచ్చి చూసి. ఫ్రాన్స్‌లో యూజెబ్ గ్రీ 1840లలోనే పాలిపోయిన ద్రాక్ష ఆకులకు ఇనుపలవణపు నీళ్ళు పట్టించి, అవి పచ్చబడడం చూపించాడు. మనమూ అలాగే చేయవచ్చు. మొక్కంతా తడపనక్కర్లేదు. ఒక్క పాలిపోయిన చిగురాకుకు అన్నభేది నీళ్ళు దూదితో రాసి, పక్క ఆకును వదిలేయాలి. వారంలో రాసినది పచ్చబడి, రాయనిది అలాగే ఉంటే ఇనుమే. రెండూ మారకపోతే ఇనుము కాదు. ఇంత సులువైన పరీక్ష చేయకుండా కేవలం చూపుతో మందు చెప్పే అధికారం ఎవరికీ లేదు.

‘‘ఎరువు వేశాకే కదా మా మొక్క పచ్చబడింది’’ అనేవారి అనుభవాన్ని నేను అబద్ధమనను. ఎప్పుడు వేశారని మాత్రం అడుగుతాను. దోహాలో అక్టోబరు వస్తే ట్యాంకు నీరు చల్లబడుతుంది, కిటికీలు తెరుచుకుంటాయి, కుండీలు బాల్కనీలోకి వెళతాయి. ఏ మందూ వేయని మొక్క కూడా ఆ నెలలో చిగురు తొడుగుతుంది. సెప్టెంబరు ఆఖరున చెంచా ఎప్సం సాల్ట్ వేసినవారికి ఆ చెంచాయే పనిచేసినట్టు కనిపిస్తుంది. ‘‘మా అమ్మ బియ్యం కడిగిన నీళ్ళే పోసేది, అవే చాలాయి’’ అనే మాటా అంతే. ఆ అమ్మ మొక్క వేరు గజాల లోతుకు దిగింది, వాన దాని మట్టిని కడిగింది, వానపాము దాన్ని గుల్ల చేసింది. ఇక్కడ వేరుకు దొరికేది జానెడు లోతు.

కాబట్టి ఆకు రంగు మారినరోజు ఎరువుల అలమర వైపు వెళ్ళకండి. కుండీని ఎత్తి చూడండి, బరువుగా ఉంటే నీళ్ళు ఆపండి. వేలు రెండు కణుపుల లోతు దించండి. కింద ప్లేటులో నీళ్ళు నిలిచి ఉంటే పారబోయండి. అప్పటికీ తెలియకపోతే కుండీని ఒంపి వేరుముద్దను జారనిచ్చి చూడండి: తెల్లగా గట్టిగా ఉంటే వేరు బతికే ఉంది, గోధుమరంగుకు తిరిగి చేతిలో జారిపోతూ వాసన వేస్తే కుళ్ళింది. కుళ్ళిన భాగం కత్తిరించి, చిన్న కుండీలో పొడి మట్టికి మార్చి, కిటికీ దగ్గరికి జరపండి, ఏసీ గాలికి దూరంగా. పసుపుబారిన ముదురాకు తిరిగి పచ్చబడదు, దాన్ని చూసి అంచనా వేయకండి. చూడవలసింది కొత్త చిగురు. టమాట, మిరపకు పది రోజులు, కరివేపాకుకు మూడు నాలుగు వారాలు పడుతుంది. అందాకా ఎన్‌పీకే డబ్బా మూత తీయకండి.